గ్రీన్ హౌస్‌కి గొంతు నొప్పి

స్కూల్ నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న అమ్మాయిలు ఈ మధ్య నాకు ఫోన్లు చేస్తున్నారు. అందరూ అడిగేది ఒకటే, హాస్పిటల్ కన్నా తేలికేనా సిస్టర్ అని. తేలికే. నైట్ డ్యూటీ ఉండదు. శుక్రవారం, శనివారం సెలవు. జూలై, ఆగస్టు రెండు నెలలూ సెలవు. దోహాలో పంతొమ్మిదేళ్ళు ఒక ఇండియన్ స్కూల్లో నర్సుగా చేసి మొన్న జూన్‌లో రిటైరయ్యాను. నేను చేసిన వైద్యంలో ముప్పాతిక భాగం గ్లూకోజు నీళ్ళు, ఐస్ ముక్క, పది నిమిషాల మంచం. ఆ మూడింటికీ లొంగని జబ్బు వస్తే అంబులెన్స్ పిలవడమే నా డ్యూటీ.

ఇంక్రిమెంట్ల గురించి, ఇన్‌స్పెక్షన్ల గురించి నేను చెప్పను. అవి మీకు ఆఫీసులో వాళ్ళే చెబుతారు, వద్దన్నా చెబుతారు. ఈ ఉద్యోగంలో నేను నిజంగా తప్పు చేసింది ఒక్క మందు విషయంలోనూ కాదు, నోటి విషయంలో. అది రిటైర్మెంట్‌కి రెండేళ్ళ ముందు, ఒక సెప్టెంబరులో జరిగింది.

సెప్టెంబరు కడుపులు

మా స్కూలు అల్ ఘర్రాఫాలో, విల్లాల మధ్య. సెప్టెంబరు మొదటి వారంలో స్కూలు తెరిస్తే పిల్లలు ఇండియా నుంచి దిగుతారు. పొద్దున్న ఏడింటికి బస్సు ఏసీలోంచి బయటికి అడుగుపెట్టగానే అందరి కళ్ళజోళ్ళూ ఒకేసారి మసకబారిపోతాయి. గేటు దగ్గర గుడ్డివాళ్ళలా నిలబడి తుడుచుకుంటుంటారు. ప్యాంట్లు చీలమండలు దాటి పైకి వెళ్ళిపోయి ఉంటాయి. జూన్‌లో నున్నగా వెళ్ళినవాడికి మీసం వచ్చి ఉంటుంది, మీసంతో వెళ్ళినవాడు తిరుపతి గుండుతో వస్తాడు. మా తెలుగు పిల్లలైతే మొదటి రెండు వారాలు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు దంచేస్తారు. మూడో వారానికి మళ్ళీ ఇంగ్లీషు, నాలుగో వారానికి హిందీ.

నా గదికి మాత్రం కడుపులు వస్తాయి. కొత్త ఆవకాయ కడుపులు, పెళ్ళిభోజనాల కడుపులు, అన్నిటికన్నా ఎక్కువగా లెక్కల టెస్టు కడుపులు. దొంగ నొప్పి పట్టుకోవడానికి నా దగ్గర ఒక పద్ధతి ఉండేది. చెయ్యి పెట్టి నొక్కితే అమ్మా అంటాడు. కబుర్లు చెబుతూ స్టెతస్కోపు పెట్టి అంతే గట్టిగా నొక్కితే, అది నొక్కడమని తెలియక కిక్కురుమనడు. లేచి క్లాసుకి వెళ్ళు నాన్నా అనేదాన్ని. మొదటి ఏడాది ఈ తెలివితోనే ఒకడిని రెండుసార్లు వెనక్కి పంపాను. మూడోసారి వాడు నడుం వంచుకుని నడిచొచ్చాడు. అపెండిక్స్. పిల్లాడు బాగానే ఉన్నాడు గానీ, ఆ తర్వాత నా పద్ధతిని నేను సగమే నమ్మాను.

సెప్టెంబరులో ఇంకొకటి కూడా ఉంటుంది. కొందరు తిరిగి రారు. నాన్న కంపెనీ మూసేశారు, వీసా క్యాన్సిల్ అయింది, తల్లి పిల్లల్ని తీసుకుని ఊళ్ళోనే ఆగిపోయింది. ఎవరూ వీడ్కోలు చెప్పరు. మొదటి రోజు అటెండెన్స్‌లో పేరు పిలవకుండా టీచరు తర్వాతి పేరుకి వెళ్ళిపోతే, పక్క కుర్చీ వాడికి అప్పుడు తెలుస్తుంది. గల్ఫ్ పిల్లలు దీనికి ఏడవరు. కుర్చీ కొంచెం ఇటు లాక్కుంటారు, అంతే.

ఎవరు వెళ్ళిపోతున్నారో అందరికన్నా ముందు తెలిసేది నర్సుకే. టీసీ ఇచ్చేది ఆఫీసు, కానీ టీకాల కార్డు నా దగ్గర ఉంటుంది. తండ్రులు ముందు దానికే వస్తారు.

ఫోనుతో కొలిచే స్పిరిట్

ఆ ఏడు మాకు కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు. ఢిల్లీ మనిషి. మంచి సూట్లు. సెలవుల్లో ఏదో ట్రైనింగుకి వెళ్ళి 'స్కూల్ స్పిరిట్' అనే మాట పట్టుకొచ్చారు. పిల్లలకి మార్కులున్నాయి గానీ స్పిరిట్ లేదట. సెలవుల నుంచి వచ్చినవాళ్ళు నీరసంగా ఉన్నారట. ఆ నీరసం బస్సు ఐదున్నరకి ఎక్కడం వల్ల అని నేను అనుకున్నాను, ఆయన స్పిరిట్ లేకపోవడం వల్ల అనుకున్నారు.

అందుకని సెప్టెంబరు మూడో వారం స్పిరిట్ వీక్ పెట్టారు. ఆదివారం రెడ్ హౌస్ రంగు, సోమవారం బ్లూ, మంగళవారం యెల్లో, బుధవారం గ్రీన్. గురువారం మేనేజ్‌మెంట్ వాళ్ళ ముందు హౌసుల వారీగా నినాదాల పోటీ. ఒక్కో హౌస్‌కి నాలుగు నిమిషాలు. ఎవరు గెలిచారో తేల్చడానికి ఆయన ఫోన్‌లో శబ్దం కొలిచి సగటు చెప్పే యాప్ ఒకటి వేయించుకున్నారు. ఎవరు ఎక్కువ అరిస్తే వాళ్ళకి స్పిరిట్ ఎక్కువ. ఆ లెక్కన మా ఇంట్లో మిక్సీకి చాలా స్పిరిట్ ఉందని పీటీ సార్ ఇక్బాల్‌తో అన్నాను. ఇక్బాల్ హైదరాబాద్ మనిషి, పెద్దగా నవ్వి, తన ముక్కుతో వచ్చే గురకని కూడా పోటీకి పెడతానన్నాడు.

ఆ పోటీ మొదట బయట గ్రౌండ్‌లో అనుకున్నారు, షేడ్ నెట్ కింద. సెప్టెంబరులో దోహా ఎండ గురించి, ఉక్క గురించి, పిల్లల ఒంట్లో నీళ్ళ గురించి నేను పది నిమిషాలు చెప్పాను. పావుగంటలో ఏమీ కాదు సిస్టర్ అన్నారాయన. అప్పుడు నేను, సరే సార్, అంబులెన్స్‌కి ముందే చెప్పి ఉంచుతాను, గెస్టులు వచ్చే టైముకి గేటు దగ్గరే నిలబడి ఉంటుంది అన్నాను. మర్నాటికి పోటీ ఏసీ ఆడిటోరియంలోకి మారింది. అమ్మాయిలూ, ఇది రాసి పెట్టుకోండి. పిల్లల ఆరోగ్యం గురించి చెబితే పై వాళ్ళు తలూపుతారు. గెస్టులకి ఏం కనబడుతుందో చెబితే పని జరుగుతుంది.

నినాదం కూడా ఆయనే రాసిచ్చారు. నాలుగు లైన్ల ఇంగ్లీషు. దాంట్లో క్రమశిక్షణ ఉంది, శ్రేష్ఠత ఉంది, ఒక్క లైనూ నోరు తిరిగేలా లేదు.

గ్రీన్ హౌస్ అంటే ఎప్పుడూ ఆఖరిది. అన్ని ఆటల్లోనూ ఓడిపోయి, ఓడిపోవడం కూడా శ్రద్ధగా చేయని హౌస్. ఆ ఏడు దానికి కెప్టెన్ పదకొండో తరగతి రిత్విక్. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గొంతు మారి ఏడాదే అయింది, ఆ కొత్త గొంతు వాడటం అతనికి సరదా. మధ్యాహ్నం బ్రేక్‌లో నా గది పక్క కారిడార్‌లోనే ప్రాక్టీసు పెట్టాడు. ప్రిన్సిపాల్ నినాదాన్ని ఒకసారి చదివించి పక్కన పెట్టేశాడు. తను అరబ్బీలో "యల్లా", అంటే పదండి, అంటాడు, మిగతావాళ్ళు "గ్రీన్" అంటారు. అంతే. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా, ఒకసారి గుసగుసగా, మళ్ళీ ఒక్కసారిగా గోడలు అదిరేలా. నాకు తలనొప్పి వచ్చేది. కానీ నా గదికి కడుపునొప్పని వచ్చే గ్రీన్ హౌస్ పిల్లలు ఆ వారం ఒక్కరూ రాలేదు. ఏ యాప్ కన్నా నాకది పెద్ద రుజువు.

మల్లేశం గారు అడిగింది

స్పిరిట్ వీక్‌కి ముందు వారం ఒక మధ్యాహ్నం రిత్విక్ వాళ్ళ నాన్న వచ్చాడు. పేరు మల్లేశం, జగిత్యాల వైపు మనిషి. వెస్ట్ బేలో ఒక టవర్‌లో ఏసీ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. డ్యూటీ చొక్కాతోనే వచ్చి, చెప్పులు బయట విప్పబోతే వద్దన్నాను.

"టీకాల కార్డులు గావాలె మేడమ్, ఇద్దరియి" అన్నాడు. "కాంట్రాక్ట్ అయిపోయింది. నెలాఖరుకు ఇంటికి పోతున్నం."

రిత్విక్‌కి చెల్లెలుంది, సహస్ర, ఐదో తరగతి. ఇద్దరి ఫైళ్ళూ తీసి కాపీలు చేస్తుంటే ఆయన నిలబడే మాట్లాడాడు. పద్నాలుగేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాడట. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టినట్టు లెక్క, ఊరంటే సెలవులే వాళ్ళకి. ఊళ్ళో వాళ్ళమ్మ అప్పుడే అందరికీ మావాళ్ళు దుబాయ్ నుంచి వస్తున్నారని చెబుతోందట. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా దుబాయే అంటుందట.

కార్డులు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"పెద్దోనికి ఎర్కనే. చిన్నదానికి ఇంక చెప్పలే, ఎట్ల చెప్పాల్నో చూస్తున్నం. పోరడు క్యాప్టెన్ అయిండు గద, గా ప్రోగ్రాం అయ్యేదాంక ఎవ్వలకు చెప్పద్దంటుండు. జర మీ తాననే ఉంచుండ్రి మేడమ్."

తప్పకుండా అన్నాను. నర్సుకి అది కొత్త మాటేమీ కాదు. అంతకుముందు అలాంటివి ఎన్నో నా దగ్గర ఉంచుకున్నాను.

నేను చేసిన పని

మూడు రోజులు ఉంచుకున్నాను.

నాలుగో రోజు స్టాఫ్‌రూమ్‌లో కరక్ చాయ్ తాగుతూ ఇక్బాల్ నవంబరులో జరిగే స్కూళ్ళ మధ్య పోటీలకి జట్టు రాసుకుంటున్నాడు. ఈసారి రిత్విక్ మీద ఆశ పెట్టుకున్నానని, ఆ పిల్లాడి కాళ్ళు చూశావా సిస్టర్ అని, నాలుగు వందల మీటర్లలో వాడిని ఎవడూ పట్టలేడని చెప్పుకుపోతున్నాడు. నాకు లోపల ఏదో ఊరింది. అతనికి తెలియనిది నాకు తెలుసు. దాన్ని ఇంతకన్నా మర్యాదగా చెప్పలేను. నేను జాలిపడి చెప్పలేదు, జట్టు పాడవుతుందనీ చెప్పలేదు, నాకు తెలుసు గనక చెప్పాను.

"నవంబరుకి ఆ అబ్బాయిని రాసుకోకండి" అన్నాను.

ఇక్బాల్ పెన్ను ఆపి నా వైపు చూశాడు. జా రహే క్యా, వెళ్ళిపోతున్నారా అన్నాడు. నేనేమీ అనలేదు అన్నాను. ఆ మాట అన్నాక ఇంకేం మిగులుతుంది చెప్పండి.

ఇక్బాల్ చెడ్డవాడు కాడు. నాలాగే నోరు ఉన్నవాడు. మర్నాడు పొద్దున్న ప్రిన్సిపాల్ ఏడాది ప్లాన్ అడిగితే, రిత్విక్ పేరు ఎందుకు లేదని ఆయన అంటే, ఇతను చెప్పేశాడు. ప్రిన్సిపాల్‌కి ఇది పరిపాలన సమస్యగా కనబడింది. నెలాఖరుకి వెళ్ళిపోయేవాడు కెప్టెన్ ఎలా ఉంటాడు, కంటిన్యూటీ ఎలా అని. రెండో పీరియడ్‌లో క్లాసుల్లో ఉన్న స్పీకర్లలో ఆయన గొంతే వచ్చింది. రిత్విక్ ఈ నెలాఖరున మనల్ని విడిచి వెళ్తున్నందున, గ్రీన్ హౌస్ కెప్టెన్‌గా ఇక నుంచి వైస్ కెప్టెన్ అనఘ వ్యవహరిస్తుంది, రిత్విక్‌కి మన శుభాకాంక్షలు.

స్పీకర్లు అన్ని క్లాసుల్లోనూ ఉంటాయి. ఐదో తరగతిలో కూడా.

పావుగంటకి టీచరు సహస్రని నా గదికి తీసుకొచ్చింది. ఏడుపు ఆపుకోవడానికి ఊపిరి బిగబట్టి ఎక్కిళ్ళు తెచ్చుకుంది. మంచం మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. సగం తాగి గ్లాసు పట్టుకునే అడిగింది.

"అన్నయ్య ఒక్కడే వెళ్ళిపోతున్నాడా సిస్టర్? మరి నేను?"

చెప్పకూడని చోట చెప్పేసి, చెప్పాల్సిన చోట నోరు పెగల్లేదు. మీ అమ్మని అడుగుదాం అని వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి ఇచ్చాను. ఫోన్లో ఆవిడ చాలాసేపు మెల్లగా మాట్లాడింది. ఈ పిల్ల ఊఁ, ఊఁ అంటూ నా టేబుల్ మీద ఉన్న దూది పీకుతూ కూర్చుంది.

బ్రేక్‌లో రిత్విక్ వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"స్కూల్లో మీకు ఒక్కరికే తెలుసు కదా సిస్టర్" అన్నాడు.

ఇక్బాల్ పేరు చెప్పొచ్చు. ప్రిన్సిపాల్ పేరు చెప్పొచ్చు. ఇద్దరికీ వాటా ఉంది.

"నేనే చెప్పాను" అన్నాను.

అతను తలూపాడు, ఏదో లెక్క సరిపోయినట్టు. చెల్లిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు. సాయంత్రం మల్లేశం గారు ఫోన్ చేశాడు. తిట్టడానికి చేశాడనుకుని లేచి నిలబడి ఎత్తాను. ఆయన తిట్టలేదు. చిన్నదానికి నీళ్ళు పట్టించి, ఫోన్ చేసిచ్చినందుకు మంచిగ జేసిండ్రు మేడమ్ అన్నాడు. తర్వాత, "శుక్రవారం బీచ్‌కు తీస్కపోయి చెప్దాం అనుకున్నం" అన్నాడు. అల్ రువైస్ దాకా వెళ్ళి, పడవలు చూపించి, అక్కడ చెబుదామని భార్యాభర్తలు అనుకున్నారట. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఆదివారం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. ఆ అబ్బాయిని గురువారం దాకా ఉంచండి సార్, అయిదు రోజులే కదా అన్నాను. ఇది మెడికల్ విషయమా సిస్టర్ అన్నారు. కాదన్నాను. అయితే మీరు మీ పని చూసుకోండి అనలేదు గానీ, కంప్యూటర్ వైపు తిరిగారు. అదే అర్థం. నేను కూడా గట్టిగా నిలబడలేదు. రిటైర్మెంట్‌కి రెండేళ్ళుంది, ఎందుకులే అనుకుని బయటికొచ్చాను. తప్పు ఒక్కసారి చేశానని చెప్పుకుంటాను గానీ, నిజానికి రెండుసార్లు చేశాను.

గురువారం పొద్దున్న

ఆ వారమంతా కారిడార్‌లో ప్రాక్టీసు జరగలేదు. గ్రీన్ హౌస్ పిల్లలు బుధవారం ఆకుపచ్చ రిబ్బన్లు కట్టుకుని బుద్ధిగా వచ్చారు, బుద్ధిగా వెళ్ళారు. అంత బుద్ధి చూసి నాకే భయమేసింది.

గురువారం ఏడుంపావుకి నా గది ముందు లైను. మొదట అనఘ నిలబడింది. కేరళ అమ్మాయి, చురుకైనది, వంకర పళ్ళకి క్లిప్పు వేసుకుంటుంది. గొంతు మీద వేలు పెట్టి చూపించి, ఇంగ్లీషులో గుసగుసగా చెప్పింది, గొంతు నొప్పి, మాట రావడం లేదని. టార్చి వేసి చూశాను. ఆ గొంతులో తప్పు వెతకాలంటే డాక్టరు కాదు, పోలీసు కావాలి. రెండోవాడికీ అంతే. మూడోవాడికీ అంతే. తల బయటికి పెట్టి చూస్తే లైను లైబ్రరీ దాకా ఉంది. అందరి చేతికీ ఆకుపచ్చ రిబ్బనే.

అనఘని మళ్ళీ లోపలికి పిలిచి తలుపు వేశాను.

"రిత్విక్‌కి తెలుసా?"

గొంతు నొప్పి మర్చిపోయి మామూలుగానే జవాబిచ్చింది.

"తెలిస్తే ఒప్పుకోడు సిస్టర్. వాడు మమ్మల్ని గెలవమన్నాడు. మేం కెప్టెన్ లేకుండా అరవం."

అప్పటికి పదిహేడేళ్ళు దొంగ నొప్పులు పట్టుకుని బతికినదాన్ని. నలభై మూడు దొంగ గొంతులు వరసగా నా ముందుకొస్తే ఏం చేయాలి? రిజిస్టర్ తెరిచాను. అబద్ధం రాయకూడదు, అది ఉద్యోగంలో మొదటి మాట. కాబట్టి నిజమే రాశాను. 'గొంతు నొప్పి అని విద్యార్థి చెప్పారు. జ్వరం లేదు. ఈ రోజు అరవవద్దని సలహా ఇచ్చాను.' నలభై మూడుసార్లు, నలభై మూడు పేర్ల పక్కన. చెయ్యి నొప్పి పుట్టింది, అది మాత్రం నిజం నొప్పి.

ఎనిమిదిన్నరకి ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. ఒకే హౌస్‌కి ఎలా వస్తుంది సిస్టర్ అన్నారు. కలిసి తిరుగుతారు కదా సార్, ఇలాంటివి త్వరగా అంటుకుంటాయి అన్నాను. మరి గెస్టుల ముందు ఏం చేద్దాం అన్నారు. హాల్లో కూర్చోవచ్చు సార్, మాస్కులు కూడా అక్కర్లేదు అన్నాను. ఆయన నిట్టూర్పు వినబడింది. బహుశా మొత్తం రద్దు చేస్తారేమో అనుకున్నాను, కానీ గెస్టులకి ఆహ్వానం కార్డులు అచ్చయిపోయాయి.

ఆడిటోరియంలో

రెడ్ హౌస్ అరిచింది. బ్లూ హౌస్ డప్పులు తెచ్చి అరిచింది, డప్పులు లెక్కలోకి వస్తాయా రావా అని కాసేపు వాదన అయింది. యెల్లో హౌస్ మధ్యలో నినాదం మర్చిపోయి ఊరికే హో అని అరిచింది, దానికే యాప్‌లో అందరికన్నా ఎక్కువ వచ్చింది. ప్రిన్సిపాల్ ప్రతిసారీ ఫోను పైకెత్తి గెస్టులకి చూపిస్తున్నారు.

తర్వాత గ్రీన్ హౌస్ పేరు పిలిచారు. అబ్బాయిలు ఎడమ వైపు, అమ్మాయిలు కుడి వైపు లేచి నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు. అనఘ ముందు నిలబడి నోరు మూసుకుని ఎదురుగా చూస్తోంది. ఒక నిమిషం గడిచింది. హాల్లో ఏసీ గుర్రుమనడం తప్ప ఇంకేం లేదు. ప్రిన్సిపాల్ మైకు పనిచేయడం లేదేమో అనుకుని దాన్ని రెండుసార్లు కొట్టారు. గెస్టుల్లో ఒకాయన మర్యాదగా చప్పట్లు కొట్టి, ఇంకెవరూ కొట్టకపోతే ఆపేశాడు. రెండో నిమిషం కూడా అయింది. ఇక్బాల్ గోడకి ఆనుకుని తల దించుకుని ఉన్నాడు. నేను ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుని పక్క తలుపు దగ్గర నిలబడ్డాను.

రిత్విక్ ఆఖరి వరసలో ఉన్నాడు. అప్పటిదాకా వాళ్ళెందుకు అరవడం లేదో అతనికి అర్థం కాలేదు. పక్కవాడిని ఏదో అడిగాడు. వాడు గొంతు చూపించి తల అడ్డంగా ఊపాడు. రిత్విక్ మొహం ఎర్రబడింది. నేను చూస్తూనే ఉన్నాను, అది సంతోషం కాదు, కోపం. తన కోసం వీళ్ళు ఓడిపోతున్నారని తెలిసింది. ప్రాక్టీసు చేయించింది ఓడిపోవడానికి కాదు కదా.

"యల్లా" అన్నాడు, ఆఖరి వరస నుంచి.

ఎవరూ పలకలేదు. అంత పెద్ద హాల్లో ఒక్క గొంతు, అదీ మధ్యలో పగిలింది. ముందు వరసల్లో చిన్న పిల్లలు కొందరు నవ్వారు. అతను నిలబడే ఉన్నాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. అనఘ వెనక్కి తిరిగి చూసింది. వద్దన్నట్టు తల ఊపింది. అతను ఆమె వైపే చూస్తూ మూడోసారి అన్నాడు. ఈసారి పిలుపులా లేదు, బతిమాలుతున్నట్టుంది.

అనఘ ఇటు తిరిగి, కళ్ళు మూసుకుని, "గ్రీన్" అంది. ఆ తర్వాత నలభై మూడు గొంతు నొప్పులూ ఒకేసారి నయమయ్యాయి. రిజిస్టర్‌లో పేర్లు లేనివాళ్ళు కూడా కలిశారు. ఆఖరి వరస నుంచి అతను పిలుస్తున్నాడు, హౌస్ మొత్తం ఎదురుగా చూస్తూనే పలుకుతోంది. మెల్లగా, గట్టిగా, గుసగుసగా, మళ్ళీ గట్టిగా. ప్రిన్సిపాల్ రాసిచ్చిన నాలుగు లైన్లు ఎవరికీ గుర్తు రాలేదు. గంట కొట్టినా ఆపలేదు. ఇక్బాల్ వెళ్ళి చేతులూపితే ఆగారు.

ప్రిన్సిపాల్ హాలు అటు చివర నుంచి నా వైపు చూశారు. కార్యక్రమం అయ్యాక దగ్గరికొచ్చి, గొంతు నొప్పి అన్నారు కదా సిస్టర్ అన్నారు.

"తగ్గినట్టుంది సార్" అన్నాను.

గ్రీన్ హౌస్‌కి మళ్ళీ ఆఖరి స్థానమే వచ్చింది. నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు మౌనంగా ఉంటే యాప్ మాత్రం ఏం చేస్తుంది. గెలిచింది యెల్లో హౌస్, హో అన్నందుకు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ రిజిస్టర్ తెప్పించుకుని నన్ను పిలిచారు. నలభై మూడు లైన్లూ వేలు పెట్టి చదివారు. ఇందులో అబద్ధం ఎక్కడా లేదు అన్నారు, మెచ్చుకుంటున్నారో తిడుతున్నారో తెలియని గొంతుతో. లేదు సార్ అన్నాను. పోయినసారి లాగా బయటికి రావడానికి లేచి, మళ్ళీ కూర్చున్నాను. ఐదో తరగతి పిల్ల ఆ అనౌన్స్‌మెంట్ ఎలా విన్నదో, నా గదిలో కూర్చుని ఏం అడిగిందో చెప్పాను. ఈ విషయం బయటపడింది నా నోటి వల్లనే అని కూడా చెప్పాను. ఎవరైనా వెళ్ళిపోతున్న సంగతి ఇంట్లో వాళ్ళని అడక్కుండా ఎక్కడా చెప్పొద్దని అడిగాను. ఆయనకి కూతురుంది, ఐదో తరగతే, ఢిల్లీలో. నేను చెప్పింది కాగితం మీద రాసుకున్నారు. వారం తర్వాత అదే సర్క్యులర్‌గా వచ్చింది, తన సొంత ఆలోచనగా, కింద పెద్ద సంతకంతో. నాకేం అభ్యంతరం లేదు. ఆ సర్క్యులర్ ఇప్పటికీ నడుస్తోంది. నన్ను క్షమించడానికి అది చాలదు, కానీ ఆ స్కూల్లో నేను చేసిన పనుల్లో పనికొచ్చింది అదొక్కటే కావచ్చు.

నెలాఖరున

వాళ్ళ ఆఖరి రోజు ఆదివారం. స్కూలు వదిలే ముందు రిత్విక్ చెల్లిని తీసుకుని వచ్చాడు. సహస్ర టీకాల కార్డులో ఒక తేదీ తప్పు పడిందని వాళ్ళ నాన్న చూశాడట, దిద్ది సంతకం చేయమన్నాడట. అతని గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. టార్చి వేసి చూస్తానంటే వద్దన్నాడు. ఉప్పు నీళ్ళు పుక్కిలించమని చెప్పాను. సరే అన్నాడు.

సంతకం చేసి కార్డు ఇచ్చాను. తీసుకుని బ్యాగులో పెట్టుకుని, జిప్పు వేసి, అప్పుడు అన్నాడు.

"మీరు చెప్పకపోతే బాగుండేది సిస్టర్."

"అవును" అన్నాను.

ఇంకేమైనా అంటానేమో అని అతను చూశాడు. కారిడార్‌లో ఎదురుపడినప్పుడు సారీ అప్పటికే రెండుసార్లు చెప్పాను, మూడోది నా కోసం చెప్పుకోవడమే అవుతుంది.

సహస్ర ఈ మాటలేవీ పట్టించుకోలేదు. బరువు చూసే మిషను మీదికి ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది.

"జగిత్యాల స్కూల్లో కూడా హౌసులుంటాయా?" అంది.

ఉంటాయో లేదో నాకు తెలియదు. ఉంటాయమ్మా అనబోయి ఆగాను. "తెలీదమ్మా, వెళ్ళి చూడాలి" అన్నాను.

"ఉంటే రెడ్ ఇస్తారేమో" అంది, మిషను మీద నుంచి దిగకుండానే.

రిత్విక్ ఆ పిల్ల బ్యాగు తన భుజానికి తగిలించుకున్నాడు.

"రెడ్ ఇస్తే రెడ్‌కే అరుద్దువులే" అన్నాడు. "పద, బస్ పోతది."